చీటీ ఎత్తితే వచ్చే పుస్తకం

మా బాబాయి బ్యాంకు ఆడిట్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. మా అమ్మ హైస్కూల్లో తెలుగు పండితురాలు, ఆవిడా రిటైరే. తెలుగులో పేరుమోసిన పుస్తకాలన్నీ చదివేయాలని బాబాయికి ఈమధ్య కోరిక పుట్టింది. 20 పుస్తకాల పేర్లు 20 చీటీల మీద రాసి, మడిచి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని ఒకటి తీస్తాడు. ఏది వస్తే అది చదవాల్సిందే. ఈ సంగతి అమ్మ చెవిన పడ్డాక వదినామరుదుల మధ్య నడిచిన మాటలివి. అక్కడక్కడా పునరుక్తులు తీసేశాను. బూతులు లేవు గనక దాచవలసిందేమీ లేకపోయింది.

వదిన: ఏమయ్యా మరిదీ, ఆ సీసా పక్కన ఓ చిలకను కూడా పెట్టుకోకపోయావా? పంజరంలోంచి బయటికొచ్చి ముక్కుతో చీటీ తీసిచ్చేది.

మరిది: చిలకెందుకు వదినా! దానికి గింజలేసి నేర్పిస్తారు. పైగా అది ఏ కార్డు లాగినా జోస్యుడు మన మొహం చూసి మనకు నచ్చేటట్టు చదువుతాడు. నా సీసాకు అలా చదివిపెట్టేవాడు లేడు. పేరొచ్చింది, పుస్తకం తియ్, చదువు. అంతే.

వదిన: నీకిప్పుడు 63. పెద్ద పుస్తకాలు ఏడాదికి నాలుగు చదువుతావనుకుందాం. 20 చీటీలకు ఐదేళ్లు. ఆ ఐదేళ్ల చదువును తీసుకెళ్లి గాజు సీసాకు అప్పజెప్తావా?

మరిది: ఇన్నాళ్లూ నా చేతిలోనే ఉందిగా, ఏం వెలగబెట్టాను? వేయిపడగలు మా పెళ్లినాటి నుంచీ బీరువాలో ఉంది. ఎప్పుడు చెయ్యి పెట్టినా పక్కనున్న బారిస్టరు పార్వతీశమే పైకొస్తుంది. అది ఎన్నిసార్లు చదివానో! ఈ రోగం నాకు ఉద్యోగంలోనే తెలుసు. బ్రాంచికి ఆడిట్‌కు వెళితే ఏ లోను ఫైళ్లు చూడాలో మేనేజర్ని అడగం. అడిగితే నిగనిగలాడేవి నాలుగు తెచ్చి బల్లమీద పెడతాడు, వాటిలో తప్పు దొరకదు. అందుకని మేమే ర్యాండమ్‌గా నంబర్లు తీసి, ఆ ఫైళ్లే తెమ్మంటాం. పుస్తకాల దగ్గర ఆ మేనేజర్ని నేనే. పలచటిదీ, కథ ముందే తెలిసిందీ, సినిమాగా చూసిందీ ముందుకు తోస్తాను. నన్ను నేను నమ్మక సీసా పెట్టుకున్నాను.

వదిన: బాగానే ఉంది. మరి సీసా కూడా నీకు పలచటివే తీసిస్తే?

మరిది: లెక్క ఉంది. నేను భయపడే పుస్తకాలు 20లో నాలుగు: వేయిపడగలు, మాలపల్లి, వసుచరిత్ర, ఆముక్తమాల్యద. నాలుగు చీటీలు తీసేసరికి వాటిలో కనీసం ఒకటి తగిలే అవకాశం నూటికి 62. ఎంత అదృష్టం కలిసొచ్చినా 17వ చీటీ దాటి తప్పించుకోలేను. తీసిన చీటీ మళ్లీ సీసాలో వేయకపోవడమే ఇందులో కీలకం. వేశామా, 20సార్లు తీసినా ఏడు పుస్తకాల దాకా అసలు రాకుండానే ఉండిపోతాయి, వచ్చినవే మళ్లీ మళ్లీ వస్తాయి.

(ఈ ఏడు లెక్క నేను వేసి చూశాను. నిజమే. సగటున 36 శాతం మిగిలిపోతాయి.)

వదిన: లెక్క తప్పని నేననలేదు. పుస్తకాలు లోను ఫైళ్లు కావంటున్నాను. ఒక ఫైలు చూడకుండా ఇంకో ఫైలు చూస్తే నష్టం లేదు. పింగళి సూరన పేరు రాశావా?

మరిది: రాశాను.

వదిన: ఏది? కళాపూర్ణోదయమా, రాఘవపాండవీయమా?

మరిది: సూరన అని రాశాను. రెండోది చిన్నదంటారు కదా, దానితో మొదలుపెడదామని.

వదిన: చూశావా మరి! చిన్నదే. కానీ ఒక పద్యంలో రామాయణమూ భారతమూ రెండూ చెప్పే కావ్యం అది. ఒకే మాటను రెండు రకాలుగా విరుచుకోవడం రాకపోతే రెండో పేజీ దాటలేవు. కళాపూర్ణోదయమైతే కథ మీద కథ పేర్చుకుంటూ పోతుంది, నవలలా లాక్కెళుతుంది. ముందు అది చదివి, ఆ కవి చెయ్యి అలవాటు చేసుకుని, అప్పుడు ఇటు రావాలి. ఈ మెట్టు నీ సీసాకు తెలుసా? మా గురువుగారు నాకు వసుచరిత్ర ఇచ్చేముందు మనుచరిత్ర రెండుసార్లు చదివించారు. అందులో వరూధినీ ప్రవరులు మాట్లాడుకుంటుంటే పద్యమన్న బెదురు పోతుంది. బెదురు పోయాక వసుచరిత్ర రాసిన భట్టుమూర్తి దగ్గరికి వెళితే ఆయన శ్లేషలు వినోదం. ముందే వెళితే శిక్ష.

మరిది: పద్యాల సంగతిలో మీ మాట కొట్టిపారేయలేను. అయినా వదినా, మెట్టు మెట్టూ ఎక్కాలంటే తిక్కన ఏం చేశాడు? నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. ఆ సగాన్ని అలాగే వదిలేసి తిక్కన నేరుగా విరాటపర్వం ఎత్తుకున్నాడు. నడుమ ఖాళీ ఎర్రన వచ్చేదాకా అలాగే ఉంది. భారతం రాసినవాడే మధ్యలోంచి మొదలుపెడితే చదివేవాడికి అభ్యంతరమేమిటి? మన ఊళ్లలో వానలు పడకపోతే విరాటపర్వం చదివిస్తారు గానీ, ముందు ఆదిపర్వం పూర్తిచేసి రమ్మని ఎవరూ అనరుగా!

వదిన: అబ్బో, నా ఆయుధంతో నన్నే పొడుస్తున్నావ్. కానీ విరాటపర్వాన్ని వాళ్లు చీటీ తీసి ఎంచుకోలేదయ్యా. వాన కావాలి గనక ఎంచుకున్నారు. అవసరం ఎంచుకుంది. నేను చెప్పేదీ అదే. మనిషికి ఎప్పుడు ఏది కావాలో అప్పుడు ఆ పుస్తకం దగ్గరికి వెళ్లాలి. బుచ్చిబాబు చివరకు మిగిలేది నేను పెళ్లికి ముందు చదివితే దయానిధి మీద జాలేసింది. మీ అన్నయ్య పోయాక చదివితే విసుగేసింది. ఆ విసుగులో నాకు తెలిసొచ్చింది చాలా ఉంది. ఆ రెండుసార్లూ పుస్తకాన్ని నేనే వెతుక్కుంటూ వెళ్లాను, చీటీ పంపలేదు.

(అమ్మ ఈ మాట అన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాఫీ వచ్చింది. తరవాత బాబాయే అందుకున్నాడు.)

మరిది: అవసరాన్ని బట్టి చదవమంటారు. నాకేం అవసరమో నాకు తెలిసినంత మేరకే కదా వెతుక్కోగలను? తెలియని అవసరం సంగతేమిటి? మూడో చీటీ ఏం వచ్చిందో చెప్తాను వినండి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 20 లెక్క నింపడానికి రాసిన పేరది. బుద్ధిపూర్వకంగా ఎంచుకుని ఉంటే ఈ జన్మలో దాని జోలికి వెళ్లేవాణ్ని కాను. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని పల్లకీల్లో బయల్దేరాడు. హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, తూర్పు తీరం వెంబడి తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ప్రతి మజిలీలో ఊరెంత, నీళ్లెలా ఉన్నాయి, ఏం దొరుకుతుంది, ఏరు ఎలా దాటాలి అని రాసుకుంటూ వెళ్లాడు. రైలు లేని దేశం అది! ఆడిట్ నోట్ రాసే చెయ్యి వదినా ఆయనది. నాకు అంతగా నచ్చుతుందని నాకే తెలియనప్పుడు అవసరమని ఎలా వెతుక్కుంటూ పోతాను?

వదిన: ఒకటి తగిలింది. తగిలినవే చెప్తావు. చివరకు మిగిలేది చీటీ వచ్చినప్పుడు ఏం చేశావో నాకు తెలియదనుకోకు. 40 పేజీలు చదివి దిండు కింద పెట్టావు. ఎందుకని? దానికి ముందు వచ్చిన చీటీ బారిస్టరు పార్వతీశం. ఆ నవ్వు తలలోంచి దిగకముందే దయానిధి గదిలోకి పోతే ఊపిరాడదు. ఒక పుస్తకం రుచి నాలుక మీద ఉండగా రెండోదాని రుచి మారిపోతుంది. తెలిసినవాళ్లు ఆ రుచిని చూసుకునే వరస పెడతారు.

మరిది: దానికి నాకో నియమం ఉంది. నాన్సీ పెర్ల్ అని సియాటిల్‌లో ఒక లైబ్రేరియన్. యాభై ఏళ్లలోపు వాళ్లు ఏ పుస్తకాన్నైనా 50 పేజీలు చదివి, రుచించకపోతే వదిలేయొచ్చంది. యాభై దాటితే వందలోంచి వయసు తీసేసి అన్ని పేజీలు చదివితే చాలట. నా లెక్క 37. మూడు పేజీలు ఎక్కువే చదివాను.

వదిన: అంటే 71 ఏళ్ల నాకు 29 పేజీలు. నూరేళ్లొస్తే అట్ట చూసి తీర్పు చెప్పేయొచ్చన్నమాట.

మరిది: ఆవిడా అదే అంది.

వదిన: ఆవిడ సరదాగా అని ఉంటుంది, నువ్వు చట్టం చేసుకున్నావ్. మాలపల్లి చీటీ నీకెప్పుడొస్తుందో, వేయిపడగలు ఎప్పుడొస్తుందో తెలియదు. అవి విడివిడిగా చదవవలసినవి కావు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని మాలపల్లి రాస్తే, 1922లో అచ్చయితే, ప్రభుత్వం నిషేధించింది. పన్నెండేళ్ల తరవాత, 1934లో, విశ్వనాథ వేయిపడగలు. ఒకాయన పల్లెలో కిందివాళ్ల గుడిసెల్లోంచి లోకాన్ని చూశాడు. ఇంకో ఆయన సుబ్బన్నపేట కోటా గుడీ కూలిపోతుంటే కుమిలిపోయాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఆంధ్రదేశం ఆ రోజుల్లో తనతో తాను పడిన ఘర్షణంతా కళ్లకు కడుతుంది. ఇక వేయిపడగలుతో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకున్న నారాయణరావు నవల కూడా చదివితే ఆ పోటీలో న్యాయనిర్ణేతలకు ఎంత కష్టమొచ్చిందో అర్థమవుతుంది. ఈ జతలు నీ సీసా కలుపుతుందా?

మరిది: ఎవరూ కలపని జతలు కలుపుతుంది. కాశీయాత్ర తరవాత నాకొచ్చిన చీటీ నవీన్ అంపశయ్య. పదిహేను నెలలపాటు దేశమంతా తిరిగినవాడి పుస్తకం పక్కన, ఉస్మానియా క్యాంపస్‌లో ఒక కుర్రాడు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా గడిపే ఒకే ఒక్క రోజు! వీరాస్వామయ్య ఎక్కువగా బయట కనిపించిందే రాస్తాడు. ఆ కుర్రాడు, రవి, బయట ఏముందో చూడడు, అన్నీ లోపలి మాటలే. ఈ రెండిటినీ పక్కన పెట్టి చదవమని ఏ పండితుడు చెప్తాడు? మీరు చెప్పేవారా?

వదిన: చెప్పేదాన్ని కాను. ఒప్పుకున్నా.

(అమ్మ ఒప్పుకోవడం అరుదు గనక రాసిపెట్టాను.)

మరిది: మీ పుస్తకాలు మీదాకా రావడమే యాదృచ్ఛికం వదినా. నన్నెచోడుడి కుమారసంభవం శతాబ్దాల పాటు ఎవరికీ తెలియదు. తంజావూరు గ్రంథాలయంలో తాళపత్రాల్లో పడి ఉంటే మానవల్లి రామకృష్ణకవికి దొరికింది. 1909లో ఆయన అచ్చు వేయించాకే అలాంటి కవి ఒకాయన ఉన్నాడని లోకానికి తెలిసింది. ఆ తాళపత్రాలకు చెదలు పట్టి ఉంటే మీ పాఠ్యపుస్తకంలో ఒక కవి తక్కువ.

వదిన: దొరికింది అంటున్నావు. అదే కట్ట మరొకడి చేతిలో పెట్టి చూడు, ఏదో పాత పురాణమని మళ్లీ కట్టేసి పెట్టేవాడు. రామకృష్ణకవి వెతుకుతున్నాడు, చూడగానే అదేమిటో గుర్తుపట్టగలిగాడు. చదువుకున్నవాడికే ఇలాంటివి దొరుకుతాయి.

మరిది: చదువుకున్నవాడు కూడా ముందు ఆ కట్ట విప్పాలి కదా! రంగనాథన్‌గారి మాట వినండి. గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు రాశాడు, 1931లో. ఆయన మొదట లెక్కల మాస్టారే, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో. ఆ సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. అందుకోసం బీరువాల తాళాలు తీసి జనాన్ని అరల మధ్య తిరగనివ్వమన్నాడు. తిరుగుతూ ఉంటే వెతకనిది కంటపడుతుందని.

వదిన: ఆయనే కోలన్ వర్గీకరణ కూడా చేశాడు, 1933లో. దేని పక్కన ఏది ఉండాలో అంత నిక్కచ్చిగా అమర్చాక అప్పుడు తిరగమన్నాడు. నువ్వు వెతికిన పుస్తకం పక్కన దాని చుట్టాలే ఉంటాయి. నీకు కంటపడటం వెనక ఒకడు కూర్చుని చేసిన అమరిక ఉంది. అది చీటీ కాదు.

మరిది: సరే, చుట్టరికం లేని అర ఒకటి చెప్తాను. ఫిలిస్ రోజ్ అని అమెరికా రచయిత్రి. న్యూయార్క్ సొసైటీ లైబ్రరీలో నవలల అరల్లో ఒకటి పట్టుకుని, ఎల్‌ఈక్యూ నుంచి ఎల్‌ఈఎస్ దాకా ఉన్నవి చదివింది. 2014లో దానిమీద పుస్తకం రాసింది. ఆ అరలో లెర్మొంతోవ్ ఉన్నాడు, ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా రాసిన లెరూ ఉన్నాడు. అక్షరక్రమం తప్ప వాళ్లిద్దరినీ కలిపేది ఏమీ లేదు. అయినా పుస్తకమంతటికీ సరిపడా కబుర్లు దొరికాయి ఆవిడకు.

వదిన: ఆవిడ ఏ అర పడితే ఆ అర పట్టుకుందా?

మరిది: లేదు, కొన్ని నియమాలు పెట్టుకుంది. ఒకే రచయిత పుస్తకాలతో నిండిపోయిన అర కాకూడదు, తను చదవని క్లాసిక్ ఒకటి అందులో ఉండాలి, అలా.

వదిన: అదుగో, వచ్చావు దారికి. అదృష్టం చేతికి ఇచ్చేముందు ఆవిడ అరను చూసుకుంది. నీ సీసా ఇటివ్వు. నువ్వు తీసేసిన చీటీలు కూడా తే. అన్నీ విప్పి చూస్తాను.

(ఈ తగాదాలో నాకు ముఖ్యమనిపించిన ఘట్టం ఇదే. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని 20 చీటీలూ బల్లమీద వరసగా పరిచింది. బాబాయి మొహంలో ఆడిట్‌లో దొరికిపోయిన మేనేజరు కళ.)

వదిన: 20లో ఆడవాళ్లు రాసినవెన్ని? మొల్ల రామాయణం ఒక్కటి. నవలల్లో తెలంగాణ నుంచి? అంపశయ్య ఒక్కటే. ఏమయ్యా, ఆడిట్‌లో నంబర్లు ర్యాండమ్‌గా తీస్తామన్నావు. ఆ ఫైళ్ల జాబితా ఎవరిచ్చారు?

మరిది: బ్యాంకు రికార్డుల నుంచి మేమే తీసుకుంటాం. మేనేజరు ఇచ్చిన జాబితా నమ్మం. అందులోంచి కొన్ని తప్పించి ఇస్తే...

వదిన: తప్పించి ఇస్తే?

మరిది: తప్పించినవి ఎన్నిసార్లు నంబర్లు తీసినా రావు.

వదిన: మరి ఈ జాబితా ఎవరు రాశారు?

మరిది: నేనే.

వదిన: ఎప్పుడో విన్న పేర్లు, కాలేజీ రోజుల్లో స్నేహితులు చెప్పిన పేర్లు రాసుకున్నావు. తరవాత కళ్లు మూసుకుని తీసి నాకేం సంబంధం లేదన్నావు. డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు ఏది? విశాఖపట్నంలో ఇందిర అనే పిల్ల తన బతుకు తాను బతుకుతానంటూ ఎవరికీ లొంగకుండా తిరిగే నవల. ముద్దుపళని రాధికా సాంత్వనం ఏది? 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూనుకుని వావిళ్ల వారితో వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. మాలపల్లికి నిషేధం గొప్పయింది, దీనికి కాలేదా? భండారు అచ్చమాంబ కథలు? వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి? దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు? ఇవేవీ నువ్వు భయపడే పుస్తకాలు కూడా కావు. నీకు గుర్తేరాని పుస్తకాలు. భయపడేవాటిని సీసా నీ మీదికి తోస్తుంది, నిజమే. గుర్తురానివాటిని ఎలా తోస్తుంది?

మరిది: ...

వదిన: మాట్లాడవేం?

మరిది: రిపోర్టు రాసుకుంటున్నాను మనసులో. ప్రధాన లోపం: జాబితా అసంపూర్ణం. సవరణ: పది చీటీలు తీసేసి, ఆ చోట మీరు పది రాయండి. ఏమేం రాశారో నాకు చెప్పొద్దు.

వదిన: నేను రాస్తే అది గురువు మాటవుతుంది కానీ అదృష్టం ఎలా అవుతుంది?

మరిది: పుస్తకం మీ మాట, వంతు సీసా మాట. మీరు వరస పెట్టి ఇచ్చి ఉంటే మూడోదాని దగ్గర ఏదో వంక పెట్టి ఎగ్గొట్టేవాణ్ని. ఇది ఎందుకిచ్చారు, అది ముందివ్వొచ్చుగా అని మీతో వాదం పెట్టుకుని చదవడం మానేసేవాణ్ని. సీసాతో వాదమేం పెట్టుకోను?

వదిన: పద్యకావ్యాలు మాత్రం ఇందులో వేయను. అవి నా దగ్గర కూర్చుని, నేను చెప్పిన వరసలో చదవాలి. వసుచరిత్ర, ఆముక్తమాల్యద చీటీలు చింపేస్తున్నాను.

మరిది: నాలుగు భయాల్లో రెండు పోయాయి. సంతోషం.

వదిన: పోలేదు. మంగళవారం సాయంత్రాలు రా. మనుచరిత్రతో మొదలుపెడదాం.

ఇద్దరిలో ఎవరు గెలిచారని అడిగితే నా ఓటు అమ్మకే, సీసా విషయంలో కాదు, జాబితా విషయంలో. వాయిదా వేసే మనిషికి చీటీ మంచి మందే. బాబాయి లాంటివాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు, నేనూ అందులోనే ఉన్నాను. కానీ ఆ చీటీ మనం రాసుకున్న పేర్లలోంచే ఒకటి తీస్తుంది, కొత్త పేరు ఒక్కటీ చేర్చదు.

ఇంకో ఇబ్బంది వాళ్లిద్దరూ మాట్లాడుకోనిది. తీసిన చీటీలో పేరుండి చేతిలో పుస్తకం లేకపోతే ఆట అక్కడితో ఆగిపోతుంది. తెలుగులో పాత పుస్తకాలు చాలావాటికి పునర్ముద్రణలు ఎప్పుడో వస్తాయి, వచ్చినవి ఇట్టే అయిపోతాయి. కన్యాశుల్కం లాంటివి తెలుగు వికీసోర్స్‌లో చదువుకోవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన పాత ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అచ్చు పుస్తకమే కావాలనుకునేవాళ్లకు వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి శతాబ్దం దాటిన గ్రంథాలయాలున్నాయి.

కాబట్టి మీరూ సీసా పెట్టదలచుకుంటే ముందు పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చూసుకుని తరవాత పేరు రాయండి. సగం చీటీలు మీ అభిరుచికి పడని మనిషి చేత, వీలైతే మీకంటే ఎక్కువ చదివినవాళ్ల చేత రాయించండి. తీసిన చీటీ తిరిగి సీసాలో వేయకండి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో బీరువాలకు తాళాలు వేసి ఉంటే తీయమని అడగండి, తీసేదాకా అడగండి.